చించి, తడిపి, ముద్ద చేసి

లాండ్రీ, బుధవారం

చెల్లీ,

నిన్న పొద్దున పదకొండింటికి కాలేజీవాళ్లు పిచ్చుక సీటు ఆపేశారు. తీసెయ్యలేదు, ఆపారు. రెండింటికీ తేడా ఉందని కౌంటర్లో అమ్మాయి రెండుసార్లు చెప్పింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పరీక్షలో దానికి మంచి స్థానమే వచ్చింది. మందుల తయారీ చదువు, అది కోరుకున్నదే. సీటిస్తున్నాం, వచ్చి చేరమని కబురొచ్చింది. నేను పని మానుకుని దాంతో వెళ్లాను. స్కూలు సర్టిఫికెట్లు చూశారు, ఫొటో తీశారు. నా కూతురు ఫొటోలో నవ్వింది కూడా. అప్పుడా అమ్మాయి, "నివాస నంబరు చెప్పమ్మా" అంది.

"లేదండీ."

"గుర్తులేదా? ఫోన్లో చూసుకో, పర్లేదు."

"గుర్తులేక కాదండీ. నంబరే లేదు."

ఆ అమ్మాయి టైపు చెయ్యడం ఆపి నా వైపు చూసింది. నేను గోడగడియారం వైపు చూశాను. టైమెంతో అందుకే తెలుసు.

స్కూలుకి నంబరు అక్కర్లేదు, ఏ పిల్లొచ్చినా చేర్చుకోవాలి. పరీక్షకీ అక్కర్లేదు. గుమ్మం దాకా ఎవరూ అడగలేదు. గుమ్మంలో అడిగారు.

బయటికొచ్చాక పిచ్చుక ఏడవలేదు. "అమ్మా, ఆవిడ మర్యాదగా మాట్లాడింది కదూ" అంది. మర్యాదగానే మాట్లాడింది. అరిచుంటే తిట్టుకోడానికైనా ఉండేది.

అక్కణ్ణుంచి ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. చిన్నపిల్ల, నీ కూతురు దొరసాని కంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. మన మాట అడ్డు రాకుండా వింటుంది. కొత్త నిబంధన ఒకటొచ్చిందట. పదేళ్లు నిండకముందే ఈ దేశం వచ్చి, ఇక్కడే చదువుకున్న పిల్లలకి విద్యార్థి నంబరిస్తారట. పిల్లలకే, పెద్దవాళ్లకి కాదు. అది చూపిస్తే కాలేజీ చేర్చుకుంటుంది. చేరికలు వానలు వెనకబట్టాక ముగుస్తాయి, అంతవరకు సీటు ఆగుతుంది.

పిచ్చుక వచ్చేనాటికి దానికి ఆరేళ్లు. అది నాకు తెలుసు, నీకు తెలుసు, దేవుడికి తెలుసు. లాయరమ్మకి కాగితం కావాలి. దాని పేరు, తారీఖు, ఏదో ఒక ఆఫీసు ముద్ర ఉన్న కాగితం, పదేళ్లలోపుది. స్కూలు రికార్డు పదకొండో ఏటి నుంచే ఉంది. అంతకుముందు కాగితాల్లేని పిల్లలకి ఆ హాల్లో మాస్టారు చెప్పిన చదువేగా. "పేర్లు రాసుకోము, భయపడకండి" అన్నారనేగా పంపించాను.

నా దగ్గర ఏముందో నీకు వేరే చెప్పాలా. మీ బావ పనిచేసేచోట పోలీసులకి దొరికినప్పుడు ఆయన జేబులో అద్దె రశీదుంది. అది పట్టుకుని వాళ్లు సాయంత్రానికి గదికొచ్చారు. ఆ టైముకి నేనూ పిల్లా బజార్లో ఉన్నాం కాబట్టి మిగిలాం. ఆయన్ని వెనక్కి మన దేశానికి పంపేశారు. ఆరోజు నుంచి నా చేతికొచ్చిన ఏ కాగితమూ మర్నాటికి లేదు. చించి, తడిపి, ముద్ద చేసి పారేశాను. కాగితం లేని మనిషి దొరకదు అనుకున్నాను. నిజమే, దొరకలేదు. ఇప్పుడు కావాలన్నా దొరకడం లేదు.

నీ ఇల్లు వెతుకు. ఏదైనా సరే. మరిది మంగళ, గురు, శనివారాలు బస్సు నడుపుకుంటూ ఇటొస్తాడుగా, అతనికిచ్చి పంపు. ఫోన్లో మాత్రం ఈ మాటెత్తకు.

చదివాక ఏం చెయ్యాలో తెలుసుగా.

అక్క


మా ఇంట్లో, ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం షాపులో చదివాను. ఎవరిదో ప్యాంటు అంచు మడిచి కుడుతూ మధ్యలో చదివాను, ఒక కాలు పొట్టిదైపోయింది. మా ఓనరు చూసి, "కస్టమరు కుంటివాడనుకున్నావా?" అన్నాడు. విప్పి మళ్లీ కుట్టాను.

ఇల్లంతా తిరగేశాను. బీరువా, మంచం కింద పెట్టెలు, మీ మరిది పాత యూనిఫాంలు కుక్కిన సంచి. ఆ సంచిలో ఏం దొరికాయో చెప్తే నన్ను తిడతావు. ముందే తిట్టేసుకో, తర్వాత చదువు.

నీ ఉత్తరాలు. అన్నీ. నువ్వు వచ్చినప్పటి నుంచి మీ మరిది బస్సులో మోసుకొచ్చినవన్నీ. నువ్వు చించమన్నావు, నేను చించలేదు. చింపుదామని ప్రతిసారీ అనుకునేదాన్ని. అమ్మ పోయాక నాతో అలా మాట్లాడే మనిషి నువ్వొక్కదానివే, ఆ మాటలు బకెట్లో వెయ్యడానికి చెయ్యాడలేదు.

అక్కా, వాటినిండా పిచ్చుకే. మొదటి పన్ను ఊడితే దాన్ని ఇస్త్రీ టేబులు సొరుగులో దాచుకుందని రాశావు. ఇక్కడి భాషలో మొదట నేర్చుకున్న మాట "తర్వాత" అని రాశావు, నువ్వెప్పుడూ దానికి అదే చెప్తావట. ఏడో ఏడు రాగానే గౌను పొట్టిదైంది, దొరసాని పాతవి పంపమన్నావు. ఇవి చాలవా? ఒక తల్లి ఇంత వివరంగా అబద్ధాలు రాస్తుందా? మీ లాయరమ్మకి చూపించు. మీ మరిదితో పంపుతున్నాను. సంచి మాత్రం వెనక్కి పంపు, ఆయన దానికోసం గొడవ చేస్తున్నాడు.

మా సంగతులంటావా, దొరసానికి ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి పేరొచ్చింది. ఇంకా చేతికి రాలేదు. ఇంటికొచ్చి విచారిస్తారట, ఇరుగుపొరుగుని అడుగుతారట, ఒంటి పరీక్షలు చేస్తారట. అప్పుడే ఇంట్లో మా అందరికీ నాడి చూస్తోంది. నాకు రక్తపోటట, ఉప్పు తగ్గించమని హుకుం. దాని దొరతనం రెట్టింపైంది.

ఇంకేమీ కనబడలేదు. కనబడితే రాస్తాను.

నీ చెల్లి


లాండ్రీ, శుక్రవారం

ఒసేయ్,

తిట్టమన్నావుగా, తిట్టాను. మూడు దుప్పట్లు మడత పెట్టినంతసేపు తిట్టాను. పక్కన మడిచే ఆవిడ నన్నేనా అని అడిగింది.

తర్వాత ఆ ఉత్తరాలు తీసుకుని లాయరమ్మ దగ్గరికి పరిగెత్తాను. చెల్లీ, ఎంత ఆశగా వెళ్లానో చెప్పను. మన భాష చదివే అనువాదకుణ్ణి పిలిపించింది. అతను ఒక్కోటీ తీసి చదివి వినిపించాడు. పన్ను సంగతికి ఆమె నవ్వింది. నవ్వి, ఉత్తరం తిప్పి చూసింది. కవరు తిప్పి చూసింది.

"తారీఖేదమ్మా?"

"వారం రాశానుగా."

"ఏ ఏడాది బుధవారం?"

నేను సంచిలో ఇంకేమైనా ఉందేమో తడిమి చూశాను.

"ఊరి పేరు లేదు. పాప పేరు కూడా లేదు, అంతా పిచ్చుకే. పోస్టు ముద్ర?"

"పోస్టులో వెయ్యలేదు. మా మరిది తీసుకెళ్తాడు."

ఆమె వాటిని వరస తప్పకుండా సంచిలో పెట్టి ఇచ్చింది. "నేను నమ్ముతున్నానమ్మా. కానీ ఇవి పోయిన వారం కూర్చుని రాసినవి కావని నేనెలా రుజువు చెయ్యను?" అంది.

ఊరు, తారీఖు, పేరు రాయకుండా జాగ్రత్తపడ్డాను కదే. ఎవడి చేతిలో పడ్డా మేమెవరో తెలియకూడదని. ఎవడి చేతిలో పడ్డా తెలియడం లేదు. అంత చక్కగా రాశాను.

తర్వాత మాస్టారిని వెతికాం. ఆ హాలు ఇప్పుడు టైర్ల షాపు. షాపువాడే చెప్పాడు, ఆయన కొడుకు దగ్గర ఉంటున్నారని. వెళ్లాం. కాళ్లు పడిపోయాయి, చక్రాల కుర్చీలో ఉన్నారు. బుర్ర మాత్రం శుభ్రంగా ఉంది. పిచ్చుకని చూడగానే, "గుణింతం మధ్యలో నిద్రపోయేదానివి నువ్వేగా" అన్నారు. ఏ బెంచీ మీద కూర్చునేదో చెప్పారు.

లాయరమ్మ హాజరు పట్టీ ఏదైనా ఉందా అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపారు. "రాసుకోనని మాటిచ్చానమ్మా. మాట మీదే నిలబడ్డాను. రాసుంటే సగం మంది పిల్లల్ని పంపేవాళ్లు కాదు" అన్నారు. వచ్చి ప్రమాణం చేసి చెప్తారట. ఒట్టి నోటిమాట చాలదని, పక్కన కాగితం ఒక్కటైనా ఉండాలని నంబరిచ్చే ఆఫీసువాళ్లన్నారు.

ఇంకోటుంది. తొమ్మిదో ఏట వేసవిలో లైబ్రరీవాళ్లు పిల్లలకి చదివే పోటీ పెట్టి దీనికి సర్టిఫికెట్టిచ్చారు. పేరు, తారీఖు, ముద్ర, అన్నీ ఉన్నాయి. ఆ రాత్రే ముద్ద చేశాను. "పేరున్న ముక్క ఒక్కటి ఉంచుకుంటానమ్మా" అని అడిగింది. పేరే అసలు ముప్పు, అది ముందు చించాను. ఇప్పుడు లైబ్రరీకి వెళ్లి అడిగితే అంత పాతవి తమ దగ్గర ఉండవన్నారు.

పిచ్చుక నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నీ వింటూ చెయ్యి పట్టుకుని రుద్దుకుంటూ కూర్చుంది. వానలకి ఎడం మోచెయ్యి లాగుతోందట.

సంచి మరిదికిచ్చాను. ఉత్తరాలు కూడా అందులోనే ఉన్నాయి, నీ ఇష్టం.

అక్క


మా ఇంట్లో, సోమవారం

అక్కా,

మోచెయ్యి లాగుతోందని ఎందుకు రాశావు?

ఇంత ఉత్తరంలో ఆ ఒక్క ముక్క ఊరికే రాయలేదు నువ్వు. అడగదలిస్తే అడుగు. లేదా అడక్కు. ఇలా సూది దాచి దారం మాత్రం చూపించకు. నేనూ కుట్టుపనిదాన్నే.

సరే, నేనే చెప్తాను. దానికి ఎనిమిదో ఏడు. మీ లాండ్రీ బట్టల బండి మీద ఎక్కి ఆడుతూ పడింది. మోచెయ్యి విరిగింది. మీ ఊరి ఆసుపత్రికి వెళ్తే నివాస కార్డడుగుతారని మీ మరిది బస్సెక్కించి ఇక్కడికి తెచ్చావు. నేను దొరసాని కార్డు పట్టుకెళ్లాను. వారంపాటు పిచ్చుక దొరసాని పేరు మీద ఆ మంచం మీద పడుకుంది. నర్సు ఆ పేరు పెట్టి పిలిస్తే పలకలేదని చెవుడేమోనని చెవులు కూడా పరీక్ష చేశారు. తలుచుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నాం.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం నా దగ్గరుంది. బీరువాలో ఉంది. ఇల్లు వెతికినప్పుడు మొదట చేతికి తగిలింది అదే. ఏమీ కనబడలేదని నీకు రాశాను. తెలిసే రాశాను.

దాని మీద తారీఖుంది, ముద్రుంది, ఎముక ఎక్కడ విరిగిందో బొమ్మ గీసుంది. ఆ బొమ్మ పిచ్చుక చేతికి సరిగ్గా సరిపోతుంది. దొరసాని చేతికి గీత కూడా లేదు. మీ లాయరమ్మకి చూపిస్తే ఎగిరి గంతేస్తుంది. అక్కడి ఆఫీసరు కూడా చూస్తాడు. చూసి, ఈ కార్డు ఎవరిచ్చారని అడుగుతాడు.

నా కాగితాలు పెళ్లి మీద వచ్చినవి. మోసం చేసినట్టు తేలితే తీసేసుకోవచ్చని వాటి వెనక రాసే ఉంది. మీ మరిది చదివి వినిపించాడు. దొరసానిని వచ్చే వారం విచారించబోతున్నారు. ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్లే పిల్ల పేరు మీద ఆసుపత్రి మోసం. ఆయన అరవలేదు. "నీ ఇష్టం, వాళ్లు నీ వాళ్లు" అన్నాడంతే. అరిచినా బావుండేది.

నీకు ముందు నుయ్యైతే నాకు వెనక గొయ్యి. నేనివ్వలేనక్కా. పిచ్చుక ఏమనుకుంటుందో అనుకోనీ. నువ్వేమనుకుంటావో అదే భయంగా ఉంది.

నీ చెల్లి


లాండ్రీ, గురువారం

చెల్లికి,

నేనడగలేదు. అడగను.

లాయరమ్మ పోయిన వారమే అడిగింది, చిన్నప్పుడు ఆసుపత్రికి ఎప్పుడైనా తీసుకెళ్లారా అని. పిచ్చుక పక్కనే ఉంది. "లేదండీ, గట్టి పిల్ల" అన్నాను. పిచ్చుక కూడా తలూపింది. చెయ్యి రుద్దుకోవడం మాత్రం ఆపలేదు. అదే నీకు రాశాను. రాయకుండా ఉండాల్సింది.

నీ పిల్ల నీకు. నీ స్థానంలో నేనుంటే నేనూ అదే చేద్దును.

పిచ్చుక సోమవారం నుంచి ఇక్కడే చేరింది. వేడి రోలర్ల దగ్గర దుప్పట్లు పట్టుకునే పని. సూపర్‌వైజరుకి చాలా సంతోషంగా ఉంది, చదువుకున్న పిల్ల చెప్పింది చెప్పినట్టు చేస్తోందని. వచ్చిన రోజే డ్రమ్ముల మీద రాసింది చదివి, ఏ మందుకి ఏ గ్లవుజు వాడాలో మిగతావాళ్లకి చెప్పింది. ఆడవాళ్లంతా దాన్ని డాక్టరమ్మా అంటున్నారు. ఎగతాళికి కాదు, ముద్దుకే. అది నవ్వి ఊరుకుంటుంది. వాళ్లు అన్నప్పుడల్లా నేను యంత్రం వైపు తిరుగుతున్నాను.

దొరసాని విచారణ బాగా జరగాలి. మరిదికి నమస్కారాలు.

అక్క


మా ఇంట్లో, శనివారం

అక్కా,

రెండు ఉత్తరాలు మొదలుపెట్టి చించేశాను. ఇది మూడోది.

నీ ఉత్తరం గురువారం రాత్రి మీ మరిది తెచ్చాడు. "లేదండీ, గట్టి పిల్ల" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నన్ను కాపాడాలని నీ పిల్ల నోరు కట్టేశావు. తెల్లవారేసరికి అర్థమైంది, ఆ కాగితం నీకు ఇచ్చి ఉండాల్సిందని. ఆయన టీ తాగుతుంటే చెప్పాను. "ఇద్దామంటే ఇద్దాం, ఇన్నాళ్లూ మోశాను, ఇంకొకటి మోస్తాను" అన్నాడు.

కానీ కాగితం లేదక్కా.

విచారణవాళ్లు వచ్చే వారమన్నారు కదా. నీకు ఆ ఉత్తరం రాసిన రెండో రోజే వచ్చారు. బుధవారం, కబురైనా చెయ్యకుండా. ఇద్దరు మగవాళ్లు. చెప్పులు బయటే విప్పారు, మంచినీళ్లు తాగారు. ఒకాయన బీరువాకి ఆనుకునే కుర్చీలో కూర్చున్నాడు. "పాప ఆరోగ్యం ఎలా ఉండేదమ్మా, చిన్నప్పుడు పెద్ద జబ్బులేమైనా?" అనడిగాడు. అందరినీ అడిగేదే, దొరసాని తర్వాత చెప్పింది. నాకు మాత్రం ఆయన వీపు వెనకున్న తలుపు తప్ప ఏం కనబడలేదు. లేదన్నాను. దొరసాని నా వైపు చూసింది, అమ్మ గొంతేంటి ఇలా ఉందని.

వాళ్లు వీధి మలుపు తిరిగేసరికి కాగితం నా చేతిలో ఉంది. బాత్రూమ్ తలుపేసుకున్నాను. చించాను, బకెట్లో తడిపాను, ముద్ద చేశాను. నువ్వు ఎన్నోసార్లు చెప్తే ఎప్పుడూ చెయ్యని పని, ఆ ఒక్కరోజు చేశాను. నీ ఉత్తరాలన్నీ ఉంచి, దాన్ని చించాను. ఏది ఉంచాలో ఏది చించాలో కూడా తెలియలేదు నాకు.

నీ ఉత్తరం ఆ మర్నాడే వచ్చింది.

దొరసాని మా మాటలు విన్నది. ఏం జరిగిందో అంతా చెప్పించింది. "నా పేరుతోనే కదా ఉన్నది, నా రికార్డు నేనడుగుతాను, ఎవడు కాదంటాడు" అని నిన్న ఆసుపత్రికెళ్లింది. సాయంత్రం దాకా నిలబడింది. పాత భవనం కూల్చేటప్పుడు పిల్లల వార్డు ఫైళ్లు తీసేశారట. ఉన్న కాగితమల్లా రోగికి ఇచ్చినదేనట. ఇంటికొచ్చి నాతో మాట్లాడలేదు. అన్నం ముందు కూర్చుని, "నా పేరు పెట్టుకుని అది ఆపరేషన్ చేయించుకుంటే ఆమాత్రం నేను చెప్పలేనా అమ్మా? నన్నొక్క మాట అడిగావా?" అంది.

అడగలేదు. నువ్వూ నన్నడగలేదు. మన ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగరు.

లాయరమ్మతో చెప్పు. నేనొచ్చి, కార్డు నేనే ఇచ్చానని ఒప్పుకుంటాను. అదేమైనా పనికొస్తుందేమో అడుగు. నన్ను తిట్టు అక్కా. మొదటి ఉత్తరానికి తిట్టినట్టు తిట్టు.

నీ చెల్లి


లాండ్రీ, మంగళవారం

చెల్లీ,

ఉత్త నీళ్లలో తడిపావా? సబ్బునీళ్లు పొయ్యాలి. ఉత్త నీళ్లకి సిరా సరిగ్గా పోదు. ఇన్నేళ్లు నా చెల్లెలివై ఉండి అదీ నేర్చుకోలేదు.

నిన్ను తిట్టడానికి నా దగ్గర మాట లేదు. ఉన్నా అది నాకే తగులుతుంది. ఊరుకో.

లాయరమ్మతో చెప్పాను. నువ్వు వచ్చి ఒప్పుకున్నా ఉపయోగం లేదంది. కాగితం లేకుండా నీది కూడా ఒట్టి నోటిమాటే, పైగా నేరం ఒప్పుకున్న నోటిమాట. రావద్దని గట్టిగా చెప్పమంది. నేనూ చెప్తున్నాను, రావద్దు. దొరసానిని కూడా పంపొద్దు. దాని ఉద్యోగం దాన్ని చేసుకోనీ. ఆ పిల్ల సాయంత్రం దాకా నిలబడిందని విని పిచ్చుక, "అక్క అంతసేపు ఊరికే నిలబడిందా, ఎవరితో గొడవ పెట్టుకోకుండానా?" అంది. నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

ఇక అసలు సంగతి.

లాయరమ్మ ఇంకో దారి చెప్పింది. ఆ దారి ఉందని ఆమెకి మొదటినుంచీ తెలుసు, నాకు చెప్పలేదు. నేనే గుచ్చి గుచ్చి అడిగితే బయటికొచ్చింది. కన్నతల్లి స్వయంగా ఆఫీసరు ముందుకొచ్చి, పిల్లని ఎప్పుడు, ఏ దారిలో తెచ్చిందో, ఎక్కడెక్కడ ఉందో ప్రమాణం చేసి చెప్పి, వేలిముద్ర వేస్తే, దాన్ని కాగితంతో సమానంగా చూడొచ్చని నిబంధనలో ఉందట. మాస్టారి మాట దానికి తోడవుతుందట.

"చూడొచ్చు అంటే?" అన్నాను.

"చూడకపోనూ వచ్చు. ఆ ఆఫీసరు ఇష్టం."

"చూస్తే పిల్లకి నంబరొస్తుందా?"

"రావచ్చు."

"మరి నాకు?"

ఆమె కలం మూత పెట్టింది. "ఈ నిబంధన పిల్లలకేనమ్మా. మీరు లోపలికెళ్లి మీ గురించి మీరే చెప్పాక, మిమ్మల్ని బయటికి పంపాలా వద్దా అన్నది ఇంకో విభాగం చూస్తుంది. వాళ్లు అదే అంతస్తులో ఉంటారు" అంది. "నేను మీకు వెళ్లమని చెప్పలేను. వద్దని కూడా చెప్పలేను" అంది. ఎవరూ ఏమీ చెప్పలేని చోటుకొచ్చాం చెల్లీ.

పిచ్చుక ఒప్పుకోలేదు. గదిలో పెద్ద గొడవ. అది గొంతు పెంచడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు, గోడలవతలి వాళ్లు కూడా విని ఉండరు, దాన్నలా పెంచాను మరి.

"నువ్వొస్తే నేను ఆ ఆఫీసు మెట్లెక్కను."

"ఎక్కకు. నేనొక్కదాన్నే వెళ్లి చెప్పొస్తాను. అప్పుడు నేనూ పోతాను, నీ సీటూ పోతుంది. రెండూ దండగ."

"రోలర్ల దగ్గర బానే ఉన్నానమ్మా. నిజంగా."

"నేనూ బానే ఉన్నాను. బాగుండి బాగుండి ఎలా అయ్యానో చూస్తున్నావుగా."

 తెల్లారి నా నీలం చీర ఇస్త్రీ చేసి పెట్టింది. అంటే ఒప్పుకున్నట్టో కాదో నాకు తెలియలేదు. అడగలేదు.

నాకు ధైర్యమనుకోకు.  ఇంకేదైనా చెయ్యగలిగి ఉంటే అది చేసేదాన్ని. పన్నెండేళ్లు కనబడకుండా ఉండటం ఒక్కటే నేర్చుకున్నాను, పిల్ల కోసం. ఇప్పుడు అదే పిల్ల కోసం కనబడాలంటున్నారు. అదెలా చేస్తారో నాకు తెలియదు. మన ఊరి పేరు, దాటిన రోజు, ఉన్న గదులు, అన్నీ వరసగా చెప్పాలట. లాయరమ్మ ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాను. మొదటిసారి నా పేరు చెప్పబోయి ఊరి పేరు చెప్పాను.

ఇక ఏర్పాట్లు. జాగ్రత్తగా చదువు.

విచారణ ఎల్లుండి, గురువారం, పొద్దున పది గంటలకి, మూడో అంతస్తులో. మాస్టారిని ఆయన కొడుకు తన కారులో తెస్తాడు. లిఫ్టు ఉందని లాయరమ్మ కనుక్కుంది. ముందు పిచ్చుకని పిలుస్తారు, తర్వాత మాస్టారిని, ఆఖరున నన్ను. కాలేజీ గడువు శుక్రవారం సాయంత్రం ఐదు. నంబరిస్తే లాయరమ్మే తీసుకెళ్లి కౌంటర్లో ఇస్తుంది. ఇవ్వకపోతే ఆ సీటు తర్వాతి పిల్లకి వెళ్తుంది.

గది ఖాళీ చేశాను. బట్టలు రెండు సంచుల్లో సర్దాను, దానివి ఒకటి, నావి ఒకటి. లాండ్రీలో పంటినొప్పని సెలవడిగాను. ఈ ఉత్తరం చదవగానే మరిదితో చెప్పు, గురువారం ఆయన తిరుగు బస్సు మధ్యాహ్నం రెండింటికి బయల్దేరుతుంది కదా. ఒంటిగంట నుంచే బస్టాండులో గేటు దగ్గర నిలబడమను. మేమిద్దరం వస్తే సరే. పిచ్చుక ఒక్కతే వస్తే ఏమీ అడగొద్దను. దాని సంచి తీసుకుని ముందు సీట్లో, తన వెనకే కూర్చోబెట్టుకోమను. రాత్రి ఎనిమిదికి నీ ఇంటికి చేరుస్తాడు.

అక్క